చెకౌట్ పర్వం

కావ్యం మొదలుపెట్టేవాడు ముందు విఘ్నేశ్వరుణ్ణి తలుచుకోవాలి. ఈ కథలో విఘ్నాలన్నీ వంటింటి సింకు చుట్టుపక్కలే పుడతాయి కాబట్టి, ఆ సింకుకు కుడిపక్కన, గ్రానైటు గట్టు కింద, స్టీలు తలుపు మూసుకుని యోగనిద్రలో ఉన్న డిష్‌వాషర్‌కే తొలి దండం పెడుతున్నాను.

జయ జయ పాత్రక్షాళన ధురంధరా! ద్విగుణిత దంతపంక్తి విరాజితా! ఉష్ణోదక ధారా పరంపరా పరిక్షాళిత శరావ చషక దర్వీ సంఘాతా! డాలస్ పరిసరాల్లోని ఎన్నో తెలుగు ఇళ్లలో, చేత్తో తోమిన గిన్నెలు బోర్లించుకునే అలమరగా మాత్రమే కాలం గడుపుతూ, కొన్ననాటి నుంచి ఒక్కసారైనా నీ జలవిక్రమం చూపించే అవకాశానికి నోచుకోని మహానుభావా! ఈ ఒక్క పొద్దుటికి మాకు ప్రసన్నుడవు కమ్ము.

ఇష్టదేవతా స్తుతి అయ్యాక కుకవినింద ఉండాలి. కవులు ఈ రోజుల్లో ఎవరినీ ఏమీ చెయ్యలేరు గనక వాళ్లను వదిలేసి, ఆ స్థానంలో కుసమీక్షక నింద చేస్తాను. పైన్ అడవి నడుమ ఇల్లు అద్దెకు తీసుకుని, మెట్ల మీద పైన్ ఆకులు రాలి ఉన్నాయని రెండు నక్షత్రాలు కోసేవాడొకడు. ఏటి ఒడ్డున దిగి, నీళ్ల చప్పుడుకు నిద్ర పట్టలేదని వాపోయేవాడొకడు. ఇల్లు అద్దంలా ఉందని రాసి, మొత్తం మీద మాత్రం నాలుగే వేసి, అయిదుకు అయిదు భగవంతుడికే చెల్లునని వేదాంతం చెప్పేవాడు మూడోవాడు. ఈ మూడోవాడే ప్రమాదకారి. ఇళ్లు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీలో ‘సూపర్‌హోస్ట్’ బిరుదు నిలవాలంటే మొత్తం రేటింగు సగటు 4.8కి తగ్గకూడదు. వాడు మెచ్చుకున్నాననుకుని నిద్రపోతాడు, ఇంటాయన గుండెలో గునపం దిగుతుంది.

కృతిని ఎవరికి అంకితమివ్వాలన్నది తేలలేదు. ఇంటి యజమానికి ఇద్దామంటే ఆయన ఫోన్‌లో సందేశ రూపంలో తప్ప ఎవరికీ దర్శనమివ్వని అశరీరవాణి. అతిథులకు ఇద్దామంటే నాలుగు కుటుంబాలవాళ్లు. పిల్లలకు సగం లెక్కన, ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో పంచాల్సి వస్తుంది. అంచేత షష్ఠ్యంతాలు గాలిలోకి వదులుతున్నాను, ఎవరికి తగిలితే వారివి. పదకొండు కొట్టగానే అంకెలు మార్చుకుని పాత మిత్రులను గుర్తుపట్టని తలుపు తాళమునకున్. పులిహోర మెతుకులను తన మడతలలో దాచి మూడో అతిథికి చూపెడు సోఫాకున్. తాళింపు చిటపటలు విన్నంతనే పాంచజన్యము వలె మోగు పొగగంటకున్.

ఇక నగర వర్ణన. ఓక్లహోమా రాష్ట్రం ఆగ్నేయపు మూల, మెకర్టెన్ కౌంటీలో, బ్రోకెన్ బో ఊరికి ఉత్తరాన హోచాటౌన్ ఉంది. ద్వారకకు ఉన్న గొప్ప దీనికీ ఉంది: పాత హోచాటౌన్ నీళ్లలో మునిగింది. 1960లలో మౌంటెన్ ఫోర్క్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు ఆ ఊరు సరస్సు అడుగుకు పోయింది. గట్టు మీద మళ్లీ మొలిచిన ఊరు 2022 నవంబరులో ఓట్లు వేసుకుని అధికారికంగా పట్టణమైంది. స్థిరనివాసులు కొద్ది వందలమందే. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం పొద్దున పోయేవాళ్లు వాళ్లకు అనేక రెట్లు. చెట్టు చెట్టుకూ మధ్య ఒక క్యాబిన్, ప్రతి క్యాబిన్ ముందూ నిప్పుగుంట, వెనక వేడినీళ్ల హాట్ టబ్. అడవిలో నల్ల ఎలుగుబంట్లున్నాయి. జాంబవంతుడి వంశమే అయినా మణుల కోసం కాదు, చెత్తడబ్బాలో మిగిలిన బిర్యానీ కోసం వస్తాయి.

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలుండాలని లాక్షణికుల పట్టుదల. సముద్రం అక్కడ లేదు, హాట్ టబ్‌తో సరిపెట్టుకోవాలి. చంద్రోదయం అయింది గాని అందరూ లోపల పేకాటలో ఉన్నారు. ద్యూతం ఒకటి లెక్కలోకి వస్తుంది. మిగిలినవి పాఠకులు దయతో వదిలేస్తే దండయాత్రకు వస్తాను.

లాంగ్ వీకెండ్‌కు డాలస్ పరిసరాల నుంచి బయల్దేరిన నాలుగు కార్లు టెక్సస్‌లోనే ఉన్న పారిస్ నగరంలో ఆగి, అక్కడ ఎర్ర కౌబాయ్ టోపీ పెట్టుకుని నిలబడ్డ బుల్లి ఈఫిల్ టవర్ ముందు ఫోటోలు దిగి, రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలో ప్రవేశించాయి. ఏమా సైన్యం! ఏమా సంభారం! ముందు నడిచేవి అల్యూమినియం ట్రేలు, వెనక కూలర్లు, పార్శ్వాలలో రెండు ప్రెషర్ కుక్కర్లు, మధ్యన ఇడ్లీపాత్ర, పాత చీరముక్క చుట్టిన ఆవకాయ జాడీ సేనానిగా. ఇల్లు అద్దెకు తీసుకున్నది వంటింటి నుంచి తప్పించుకోవడానికని మా వదినగారు అప్పటిదాకా నమ్మారు.

క్యాబిన్‌కు కట్టిన డబ్బులో రాత్రి అద్దె కింద మరో గీత ఉంది. క్లీనింగ్ ఫీ, 225 డాలర్లు. కథకు మూలమైన పాంచాలీ పరాభవం ఇదే. తెనాలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన అత్తయ్యగారు ఆ అంకెను రూపాయల్లోకి మార్చి, మార్చినందుకు బాధపడి, చివరికి ఒక ఉపశమనం వెతుక్కున్నారు. “పోన్లే, మనం చీపురు ముట్టక్కర్లేదు.”

ఆ ఉపశమనం ఫ్రిజ్ తలుపు దాకానే నిలిచింది.

ఫ్రిజ్ మీద నాలుగు అయస్కాంతాల కింద లామినేషన్ చేసిన శాసనం ఉంది. బుక్ చేసేటప్పుడు యాప్‌లో చూపింది మూడే ముక్కలు: దీపాలార్పండి, చెత్త పారేయండి, తలుపు వేయండి. ఫ్రిజ్ మీద పదకొండు. పక్కలన్నీ తీసి దుప్పట్లు, గలీబులు లాండ్రీ గది ముందు కుప్ప పెట్టవలెను. తువ్వాళ్లు స్నానాల తొట్టిలో వెయ్యవలెను. మొదటి విడత వాషర్‌లో వేసి నడపవలెను. గిన్నెలు డిష్‌వాషర్‌లో పేర్చి అదీ నడపవలెను. ఫ్రిజ్ ఖాళీ చెయ్యవలెను. చెత్త ఎలుగుబంటి చేతికి తెరుచుకోని డబ్బాలో వేసి గొళ్లెం పెట్టవలెను. గ్రిల్ గీకవలెను. నిప్పుగుంటలో నీళ్లు పొయ్యవలెను. హాట్ టబ్ మూత వెయ్యవలెను. నేల ఊడవవలెను. పదకొండోది ముద్దక్షరాల్లో: పట్టి తెచ్చిన చేపలను హాట్ టబ్‌లో కడగరాదు.

ఈ పదకొండో శాసనం దగ్గర కాస్త నిలబడాలి. దిగువ మౌంటెన్ ఫోర్క్ ట్రౌట్ చేపలకు పేరున్న ఏరు. ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఒకనాడు బుట్ట నిండా ట్రౌట్‌తో తిరిగివచ్చి, గోరువెచ్చని నీళ్లు బుడబుడమంటున్న ఆ తొట్టిని చూసి, దీనికంటే మంచి అవకాశం ఏముంటుందనుకున్నాడన్నమాట. ప్రతి ఇంటి నియమాల వెనకా ఇలాంటి పూర్వికుడొకడు ఉంటాడు. నియమం వాడి వీరగల్లు. యజమాని కసికొద్దీ రాశాడనుకుంటాం గాని, ఆయన కేవలం చరిత్రకారుడు.

“డబ్బు పుచ్చుకుని పాచిపని కూడా మనచేతే చేయిస్తారా? ఇదెక్కడి చోద్యంరా?” అని అత్తయ్యగారు ధర్మప్రశ్న వేశారు.

“ఇక్కడ పద్ధతి అంతేనమ్మా,” అన్నారు ఆవిడ కొడుకు, మా బావగారు.

“పద్ధతైతే మరి ఆ రెండొందల పాతిక ఎందుకటా?” అన్నారు వదినగారు, ఊడ్చే పని చివరికి ఎవరి చేతికొస్తుందో తెలిసినవారు గనక.

ధర్మం సూక్ష్మమైనది. భారతంలో వెతికితే ఇరుపక్షాలకూ ఆధారం దొరుకుతుంది. రాజసూయానికి వచ్చిన బ్రాహ్మణుల పాదాలు కడిగే పని, తానూ అతిథే అయిన సాక్షాత్తూ కృష్ణుడే తీసుకున్నాడు. ఆతిథ్యమిచ్చేవాడి పక్షాన ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఉండదు. అడవిలో ఉన్న పాండవుల మీదికి శిష్యసమేతంగా వచ్చిపడ్డ దుర్వాసుడో? స్నానానికి వెళుతూ వంట సిద్ధం చెయ్యమన్నాడే తప్ప, అంట్ల సంగతి ఎత్తనేలేదు. పైగా ఆ కథలో అందరినీ కాపాడింది ఏమిటి? ద్రౌపది తిని కడిగేసిన అక్షయపాత్రకు ఇంకా అంటుకుని ఉన్న కూరాకు ముక్క. అది కృష్ణుడి నోట్లో పడితే లోకాలకు కడుపు నిండింది. ఈ రోజు అదే గిన్నె అదే ఆకుతో అలమరలో దొరికితే ఫోటో తీసి, శుభ్రత దగ్గర మూడు నక్షత్రాలిచ్చి, సగం డబ్బు వెనక్కి అడుగుతాం.

మన పాత ఏర్పాట్లలో ఈ తగువు లేదు. పెళ్లి పందిట్లో విస్తరి ఎత్తబోతే ఇంటివాళ్లు చెయ్యి పట్టుకుని ఆపుతారు, అతిథికి ఆ పని అంటగట్టడం వాళ్లకు చిన్నతనం. ఊరికే దింపుకున్న సత్రంలో గది ఊడ్చుకుని వెళ్లడం దిగినవాడి మర్యాద. తిరుమలలో గదికి కాషన్ డిపాజిట్ కట్టించుకుని, తాళం తిరిగి ఇచ్చాక వెనక్కి ఇస్తారు. మాట స్పష్టంగా ఉంటుంది. హోటల్లో తడి తువ్వాలు నేలమీద పడేసి రావడం మన జన్మహక్కని అందరికీ తెలుసు. ఈ అద్దె క్యాబిన్ మాత్రం నరసింహావతారం. ఇల్లూ కాదు, హోటలూ కాదు. పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడప మీద కూర్చోబెట్టి అతిథి పేగులు తీస్తుంది.

దీని పుట్టుక కూడా అలాగే రెండింటి మధ్య జరిగింది. 2007లో శాన్ ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టలేని ఇద్దరు కుర్రాళ్లు, డిజైన్ సమావేశానికి ఊళ్లో హోటళ్లు నిండిపోయాయని చూసి, ఇంట్లో మూడు గాలి పరుపులు పరిచి రాత్రికి 80 డాలర్లకు ముగ్గురిని దింపుకున్నారు. పొద్దున టిఫిను కూడా పెట్టారు. ఆ ముగ్గురిలో ఒకడు మనదేశం నుంచి చదువుకోవడానికి వెళ్లినవాడు. ఆ పరుపులే ఎయిర్‌బీఎన్‌బీ పేరులో గాలిగా మిగిలాయి. ఇంటాయన పక్క గదిలోనే ఉన్నాడు గనక ఎవరు ఊడవాలన్న ప్రశ్న రాలేదు. ఇంటాయన మూడు గంటల దూరానికి వెళ్లి, ఆయన స్థానంలో ఫీజూ జాబితా వచ్చి కూర్చున్న తరువాతే అది పుట్టింది. 2022 నవంబరు నాటికి గోల ఎంత పెద్దదయిందంటే, ఆ కుర్రాళ్లలో ఒకడైన బ్రయన్ చెస్కీ, అప్పటికి సంస్థాధిపతి, స్వయంగా ధర్మసూత్రం ప్రకటించాడు: దీపాలు ఆర్పమనవచ్చు, తిండి పదార్థాలు చెత్తలో వెయ్యమనవచ్చు, తలుపు తాళం వెయ్యమనవచ్చు, పక్కలు తియ్యమని, బట్టలుతకమని, వాక్యూమ్ చెయ్యమని అడగడం సమంజసం కాదు. ఆ మరుసటి ఏడు, వెళ్లేటప్పుడు చెయ్యాల్సిన పనుల జాబితా బుక్ చేసుకునే ముందే కనబడే ఏర్పాటూ చేశారు. 2025 మే 12 నుంచి అమెరికా ప్రభుత్వ నిబంధన ఒకటి అమల్లోకి వచ్చింది. ఇలాంటి బసలకు విధిగా కట్టాల్సిన ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే ముందు చూపించాలి. ఇన్ని శాసనాలున్నా ఫ్రిజ్ తలుపు మాత్రం స్వతంత్ర రాజ్యం. అయస్కాంతం ఉన్నవాడిదే ధర్మాధికారం.

ఆఖరి రోజు తెల్లవారింది. నిన్నటిదాకా పాచిపని మాటెత్తితే భగ్గుమన్న అత్తయ్యగారు అయిదింటికే లేచి స్టవ్వు తోముతున్నారు.

“అదేంటత్తయ్యా, మీరే కదా వద్దన్నారు?”

“వద్దన్నాను గాని, మన తరవాత వచ్చేవాళ్లు ఏవనుకుంటారే? తెలుగువాళ్లు దిగి వెళ్లారు, ఇల్లు ఇలా చేసి పోయారు అనుకోరూ?”

చెస్కీ సూత్రాలు, ప్రభుత్వ నిబంధనలు, 225 డాలర్లు ఒకవైపు, ‘ఏవనుకుంటారే’ ఒకవైపు. త్రాసు ఎటు మొగ్గిందో చెప్పనక్కర్లేదు. ఎనిమిదికల్లా సేనలన్నీ రంగంలో దిగాయి. ఇర్వింగ్ నుంచి వచ్చిన దంపతులు పక్కల మీద పడ్డారు. దుప్పట్లు చించుకుని వచ్చేటంత వేగంతో లాగితే పరుపుల మీది తొడుగులు కూడా ఊడి వచ్చాయి. తెల్లవన్నీ ఒకటేననుకుని గుట్ట వేశారు. పిల్లల సేన తువ్వాళ్ల పట్టివేతకు వెళ్లింది. ఒక్కొక్కరు రోజుకు మూడు వాడినట్టు అప్పుడు తెలిసింది. వాటిలో ఒకదాని మీద పప్పు పడిన పసుపు మరక, అరచేతి మందాన, తూర్పున ఉదయభానుడిలా వెలుగుతోంది. ఫ్లేనల్ చొక్కాలో ఉన్న ఒక యోధుడు దాన్ని చూసి, శాసనం మూడో అంశాన్ని తలుచుకుని, వాషర్‌లో వేసి, డిటర్జెంటు రెండు మూతలు పోసి నొక్కాడు.

సింకు అడుగున గార్బేజ్ డిస్పోజల్ అనే బకాసురుడు ఉంటాడు. ఏకచక్రపురంలో వాడి తాతకు రోజుకో బండెడు అన్నం పంపేవారు. ఇక్కడ అన్నం పోశారు, సాంబారు పోశారు, కిమ్మనకుండా మింగాడు. ముందురోజు మునక్కాడల పిప్పి పడింది. పీచు పళ్లకు చుట్టుకుని హుమ్మని మూలిగి ఊరుకున్నాడు. ఆ తాతను భీముడు చంపాడని చదువుకున్నాం; అది మునక్కాడ వల్ల కూడా అవుతుందని ఎవరూ రాయలేదు. సింకులో నీళ్లు దిగవు. గిన్నెలు గుట్ట. గడియారం పది.

ఇక్కడ బావగారి ప్రవేశం. ఆయన వృత్తిరీత్యా క్లౌడ్ ఆర్కిటెక్టు. నాలుగు కుటుంబాల అంట్లనూ డిష్‌వాషర్‌లో ఆయన పేర్చిన తీరు చూస్తే విశ్వకర్మ కన్నీరు పెట్టేవాడు. కుక్కర్ మూత కింద గ్లాసులు, గ్లాసుల సందులో గరిటెలు, ఇడ్లీరేకులు నిలువుగా. అంతా అయ్యాక పాడ్ కోసం చూస్తే డబ్బా ఖాళీ. ఇంటాయన ఉంచింది రెండే. రెండూ నిన్న అయిపోయాయి. సింకు పక్కన నీలంరంగు లిక్విడ్ సోప్ సీసా ఉంది, చేత్తో తోముకునేది. “సబ్బు సబ్బే కదా,” అన్నారు బావగారు. లోకంలో మహాయుద్ధాలన్నీ ఇలాంటి నిశ్చింత వాక్యాలతోనే మొదలయ్యాయి. పాడ్ ఎంత ఉంటుందో గుర్తు చేసుకుని, గిన్నెలు ఎక్కువున్నాయి గనక రెండింతలు పోసి, మీట నొక్కారు.

ముందు ఒక నిట్టూర్పు వినిపించింది. తరవాత తలుపు కింది అంచున ముత్యంలా ఒక బుడగ. ఆ బుడగకొక తమ్ముడు. క్షణాల్లో క్షీరసాగరం కట్టలు తెంచుకుంది. నురుగు గట్టు దిగింది, నేల పాకింది, పిల్లల పాదాలను ముద్దాడింది, భోజనాల బల్ల కాళ్లను చుట్టుముట్టింది, అత్తయ్యగారు అయిదింటికి తోమిన స్టవ్వు దాకా ఎగబాకింది. క్లౌడ్ ఆర్కిటెక్టు సృష్టించిన మేఘాలు ఇంట్లో సంచరించాయి. మందరపర్వతం లేదు, వాసుకి లేడు. అయినా మథనం ఆగదు, ఎందుకంటే మీట ఆపితే తలుపు తెరుచుకుంటుందని, తెరిస్తే ఇంకా వస్తుందని తెలిసి ఎవరూ ముట్టుకోరు. అమృతం సంగతి అటుంచి, ఇర్వింగ్ దంపతులు పోగేసిన తెల్ల దుప్పట్ల గుట్టను తెచ్చి నురుగుకు అడ్డంగా వేశారు. శాసనం ఒకటో అంశం అలా సార్థకమైంది.

పదింబావుకు బయట వ్యాన్ ఆగింది.

ఈ కథలో ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లెవరి చేతిలోనూ ఆ ఇంటి మాప్‌కర్ర లేదు. ఫీజు పెట్టినవాడి చేతిలో లేదు, కట్టినవాళ్ల చేతిలో లేదు, జాబితా ఇల్లు శుభ్రం చేసే ఆమెనడిగి రాయలేదు. ఆమె వచ్చింది. మోకాళ్లకు ప్యాడ్లు, చెవిలో ఒక ఇయర్‌బడ్, చేతుల్లో వాక్యూమ్, భుజాన మడతపెట్టిన దుప్పట్ల సంచి. హాట్ టబ్ నీళ్లు తోడెయ్యడానికి కాస్త ముందే వచ్చిందట; తొట్టి ఖాళీ చేసి, కడిగి, మళ్లీ నింపితే సాయంత్రం నాలుగుకు వచ్చేవాళ్లకు వేడెక్కాలి కదా. పదకొండు నుంచి నాలుగు దాకా ఆమె రాజ్యం. ఆ అయిదు గంటల్లో ఆ ఊళ్లో మరో క్యాబిన్ కూడా ఉంది. డబ్బు ఇంటికి ఇంతని లెక్క, గంటకు కాదు.  ఈ కావ్యంలో నాయికను ఇంత ఆలస్యంగా తెచ్చినందుకు లాక్షణికులు నన్ను కాదు, ఈ వ్యాపారాన్ని తప్పుపట్టాలి.

ఆమె నురుగును చూసింది. అరవలేదు, నవ్వలేదు. ముందు మీట ఆపింది. తరవాత ఒకే ఒక్క మాట: “సాల్ట్.”

అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు గాని ఆ మాట వచ్చు. అయిదు పౌన్ల ఉప్పు పొట్లం వచ్చింది. ఆమె తలుపు తెరిచి గుప్పెడు గుప్పెడుగా నురుగు మీద చల్లింది. అగస్త్యుడు సముద్రాన్ని తాగినట్టు, పొంగు అణిగిపోయింది. కాసిని నీళ్లు తోడి, నీళ్లు బయటికి పోయే మీట మాత్రం నొక్కి, మళ్లీ ఉప్పు, మళ్లీ మీట. పది నిమిషాల్లో క్షీరసాగరం కాస్తా వంటింటి నేలయింది. బావగారు అన్ని డిగ్రీలూ గోడకు తగిలించి వచ్చినవాడిలా నిలబడ్డారు.

అప్పుడామె లాండ్రీ గదిలోకి వెళ్లి ఆగిపోయింది. వాషర్ అద్దపు తలుపు వెనక తువ్వాలు ఎర్రగా ఉంది. “ఎవరికైనా దెబ్బ తగిలిందా?” అని అడిగింది. తగిలింది పప్పుకు. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే మనకు ఇది కొత్తగాదు, డిటర్జెంటు నీళ్లు కూడా క్షారమేనన్నది ఆ యోధుడికి తట్టలేదంతే. అత్తయ్యగారు తువ్వాలు బయటికి లాగి, మంచినీళ్లలో జాడించి, అది మళ్లీ పచ్చబడగానే డెక్ కమ్మీ మీద పరిచి, వేలితో సూర్యుణ్ణి చూపించారు. పసుపు మరకకు ఎండే మందు. డ్రయర్‌లో వేసి ఉంటే ఆ మరక ఆ ఇంటికి స్థిరాస్తి అయ్యేది. ఆమె తువ్వాలునూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, ఫోన్ తీసి ఫోటో తీసుకుంది.

పని మధ్యలో ఆమె నోట మూడు నాలుగు ముక్కలు రాలాయి. నా దృష్టిలో చెస్కీ సూత్రాల కంటే ఇవి పదునైనవి. పక్కలు ఎందుకు తీశారు? తియ్యకుండా ఉంటే ఏ పరుపు మీద ఏమైందో నాకు ఒక్క చూపులో తెలిసేది. ఇప్పుడు మరక దొరికినా అది ఏ మంచానిదో తెలీదు, తొడుగులు మళ్లీ ఎక్కించాలి. వాషర్ మీరు వెయ్యొద్దు. నేను ఉతికిన జతలు తెచ్చుకుంటాను, మాసినవి పట్టుకెళతాను, మీ ఒక్క విడత వల్ల నాకు టైం కలిసిరాదు. తువ్వాళ్లు మాత్రం ఒకచోట వేశారు, అది మంచి పని. ఫ్రిజ్ ఖాళీ చేశారు, చెత్త బయట పెట్టారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు. గ్లాసు పగిలితే దాచకుండా చెప్పండి, నేను వట్టి చేత్తో తుడుస్తాను.

పదకొండు అంశాల శాసనంలో ఆమెకు అక్కరకొచ్చేవి నాలుగో అయిదో ఉన్నాయి. మిగతావి ఆమె పనిని రెండింతలు చేసేవి, లేకపోతే ఇంటాయన మనశ్శాంతికి పనికొచ్చేవి. గ్లాసు మాట అసలు లేనే లేదు. వదినగారు ఆ రెండొందల పాతికలో ఆమెకు ఎంత ముడుతుందని అడగబోయి, బావగారి చూపు చూసి ఊరుకున్నారు. అడిగి ఉండాల్సిందని నా అభిప్రాయం. బల్లమీద ఆమె కోసం మావాళ్లు పెట్టి వచ్చిన డబ్బు కవరు సంగతి స్ప్లిట్‌వైజ్‌లో ఎక్కించలేదు. అది మాత్రం తెలుగువాళ్ల చరిత్రలో అపూర్వం.

నాలుగు కార్లు పదకొండుకు అయిదు నిమిషాలుండగా కదిలాయి. పదకొండు కాగానే తాళం మమ్మల్ని మరిచిపోయింది. లోపల చార్జర్ ఒకటి ఉండిపోయింది.

ఇక సమీక్షా యుద్ధం. ఇరుపక్షాలకూ పద్నాలుగు రోజుల గడువు. ఇద్దరూ రాశాకో గడువు దాటాకో గాని ఎవరి బాణం ఎవరికి తగిలిందో కనబడదు. బావగారు పదమూడో రోజు దాకా గాండీవం దించి కూర్చున్నారు. నురుగు సంగతి ఆమె ఇంటాయనకు చెప్పిందా లేదా? చెబితే శుభ్రత దగ్గర మనకెంత? చివరికి అన్నిటికీ అయిదేసి వేసి, ‘ప్రశాంతమైన వాతావరణం’ అని రాశారు. అటునుంచి కూడా అయిదే వచ్చింది: ‘చక్కని కుటుంబాలు, మళ్లీ రావచ్చు.’ ఆమెకు నక్షత్రాలు వేసే గడి అందులో ఎక్కడా లేదు. ‘శుభ్రత’ అన్న గడి ఉంది గాని అది ఇంటాయన ఖాతాలోకి పోతుంది.

కొన్నాళ్లకు బావగారి ఆఫీసులో ఒకాయన కుటుంబంతో అదే క్యాబిన్‌కు వెళ్లి, ఫ్రిజ్ ఫోటో వాట్సాప్‌లో పంపాడు. కొత్త లామినేషన్. పన్నెండో అంశం చేరింది, ముద్దక్షరాల్లో, కింద రెండు గీతలతో: డిష్‌వాషర్‌లో చేత్తో తోముకునే సబ్బు పోయరాదు. ఎవ్వరూ. ఎంత కొంచెమైనా.

బావగారు చేపలవాడి సరసన తన వీరగల్లు చూసుకుని, దాచుకోలేని గర్వంతో ఫోటోను పెద్దది చేసి అమ్మకు చూపించారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, చదవడం రాని ఆ అక్షరాల మీద వేలు ఆనించి అడిగారు.

“ఆ అమ్మాయి చెప్పిన ఉప్పు సంగతి రాశారట్రా ఇందులో?”

“లేదమ్మా.”

“పక్కలు తియ్యొద్దని?”

“అది పాతదే ఉంది. తియ్యవలెనని.”